నవ్వుకో, ఆదివారం దాకానే

ఎడిసన్, న్యూజెర్సీ
27 జనవరి 2008

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్లో నువ్వు నవ్విన నవ్వుకి రాత్రంతా నిద్ర పట్టలేదు. బోస్టన్ వెళ్లి మూడేళ్లు కాలేదు, అప్పుడే అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేట్రియాట్స్ నీ తాతల ఆస్తి అయినట్టు మాట్లాడుతున్నావు! సరే, 18 ఆడి 18 గెలిచారు, మీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) బ్రేడీ 50 టచ్‌డౌన్లు, అంటే గీత దాటించే స్కోర్లు, విసిరాడు, ఒప్పుకున్నా. పందెంవాళ్లు కూడా మీరే 12 పాయింట్ల తేడాతో గెలుస్తారని లెక్కేస్తున్నారు. అయినా వచ్చే ఆదివారం సూపర్ బౌల్ ఫైనల్ మా న్యూయార్క్ జెయింట్స్‌దే అంటున్నా. ఎందుకో విను.

సీజన్ మొదట్లో మావాళ్లు వరసగా రెండు ఓడి 80 పాయింట్లు సమర్పించుకున్నారు. ఓడించింది ఎవరు? డల్లాస్, గ్రీన్ బే. ప్లేఆఫ్స్‌లో ఇంటికి పంపించింది ఎవర్ని? ఆ ఇద్దర్నే, అదీ వాళ్ల ఊళ్లోనే. డల్లాస్ చేతిలో అయితే అంతకుముందు రెండుసార్లు ఓడారు. మరి మీతో ఆడింది ఒక్కసారే కదా, డిసెంబర్ 29న. జెయింట్స్‌కి ఆ ఆటతో పనే లేదు, ప్లేఆఫ్ బెర్తు అప్పటికే ఖాయం. అయినా కోచ్ కాఫ్లిన్ అసలు జట్టునే దింపాడు. మూడో క్వార్టర్‌లో 28-16తో ముందున్నారు! చివరికి 38-35తో మీరు గెలిచారనుకో. కానీ ఆ రాత్రి నీ గొంతులో టెన్షన్ నేను విన్నాను, దాచకు.

అసలు సంగతి ఇది. బ్రేడీకి కాస్త టైమిస్తే బంతి పట్టే మాస్‌ని వెతికి మరీ విసురుతాడు. బ్రేడీని పట్టుకోవాలని అందరూ అదనంగా ఒకరిద్దర్ని పంపిస్తారు, దాంతో వెనక ఖాళీలు పడతాయి. స్ట్రేహాన్, యుమెన్యోరా, టక్ ఉన్న మా ముందు వరసకి ఆ అవసరం చాలాసార్లు రాదు. నలుగురే తోసుకెళ్లి మీద పడతారు, మిగతా ఏడుగురూ వెనక కాపలా. ఈ ఏడు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ, 53 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) మావాళ్లవే. బ్రేడీ అయినా కిందపడ్డాక విసరలేడు కదరా.

మా క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్ సంగతే భయం. సీజన్‌లో 20 సార్లు బంతిని అవతలివాళ్ల చేతిలో పెట్టాడు మహానుభావుడు. కానీ ఈ మూడు ప్లేఆఫ్ ఆటల్లో ఒక్కటీ లేదు. ఇక గ్రీన్ బేలో ఆ మైనస్ 18 డిగ్రీల చలి! టీవీలో కాఫ్లిన్ మొహం ఎర్రగా కమిలిపోయి కనిపిస్తుంటే నాకే దుప్పటి కప్పుకోవాలనిపించింది. మా కిక్కర్ టైన్స్ రెండు కిక్‌లు పోగొట్టి, మూడోది 47 గజాల నుంచి కొట్టడానికి కోచ్ చెప్పకముందే పరిగెత్తుకెళ్లాడు, చూశావుగా?

మొన్న క్రికెట్‌లో మనవాళ్ల పెర్త్ టెస్టుకి ముందు కూడా ఇలాగే అన్నావు, "సిడ్నీలో ఓడాక ఇంకేం ఉందిరా" అని. చివరికి మనవాళ్లే గెలిచారు, ఆస్ట్రేలియా వరస విజయాలు 16 దగ్గర ఆగిపోయాయి. లక్ష్మణ్ 79 కొడుతుంటే ఫోన్లో ఈల వేసింది నువ్వే.

ఆదివారం నువ్వే ఇటు వచ్చెయ్. ఓడినవాడు ఓక్ ట్రీ రోడ్డులో బిర్యానీ తినిపించాలి. ఆ కొత్త పేట్రియాట్స్ టీషర్ట్ మాత్రం కారులోనే వదిలిరా, మా రూమ్మేట్లు మంచివాళ్లు కాదు.

ఇట్లు
నీ మావ