ఆ ప్రోనోటుకి ఇంకా పదకొండు రోజులే

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో సగమే చెప్పాను. అమ్మ పక్కనే ఉంది, నోరు పెగల్లేదు. మిగతాది రాస్తున్నా, తీరిగ్గా చదువు.

మా పక్క వాటాలో మిషను కుట్టుకునే ఆమె ఉంది కదా, నువ్వు చెల్లెమ్మా అని పిలుస్తావే, ఆమె గురించే. భర్త పోయాక, పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మేసింది. అందులో నాలుగు లక్షలు గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకతనికి ప్రోనోటు మీద ఇచ్చింది. నూటికి రెండు రూపాయలు వడ్డీ. తేజ రకం కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాను, రేటు రాగానే అసలూ వడ్డీ ఇచ్చేస్తాను, ఆ వెంటనే పెళ్లి అన్నాడట. నెలకి 8,000 చొప్పున మూడేళ్లకి వడ్డీయే 2,88,000. ఒక్క రూపాయి చేతిలో పెట్టలేదు. కానీ ఆదివారం వచ్చిందంటే మూర మల్లెపూలు పట్టుకుని వచ్చేస్తాడు. మెట్లెక్కుతుంటేనే అతని చొక్కాకి పట్టిన మిరప ఘాటు నా గదిలోకి కొడుతుంది. అంతవరకూ టకటకలాడుతున్న మిషను ఆగిపోతుంది. అది ఆగినప్పుడల్లా నాకెలా ఉంటుందో నీకొక్కడికే చెప్పగలను.

అవును, నాకు ఆమె అంటే ఇష్టం. నీ దగ్గర దాపరికం దేనికి?

ప్రోనోటు గడువు మూడేళ్లే. ఈలోపు ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక ఇంత ముట్టిందని చెల్లు రాయించి, అతని చేత సంతకం పెట్టిస్తే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. లేదంటే గడువులోపు దావా వెయ్యాలి. రెండూ చెయ్యకపోతే కోర్టులో ఆ నోటు చెల్లదు. వంద రూపాయలకైనా సరే చెల్లు వేయించుకోమని చెప్పాను. "అతన్ని నాకు దూరం చెయ్యాలనే కదా నీ తాపత్రయం?" అంది. ఏం చెప్పను రా? నేను చెప్పిన గడువు సంగతి నిజం. ఆమె అన్నదీ నిజమే. పైగా నా కన్ను ఆ నాలుగు లక్షల మీద ఉందని అతను ఎక్కించాడట. అది విన్న రోజు అన్నం సయించలేదు.

నిన్న రాత్రి తనే పిలిచింది. నోటు మిషను బల్ల మీద పరిచి ఉంది. రెవెన్యూ స్టాంపు మీదుగా అతని సంతకం. తిప్పి చూస్తే వెనకంతా తెల్లగా ఉంది. "ఇది రాయమని అడిగితే మళ్లీ వస్తాడంటావా?" అంది, వేలితో ఆ స్టాంపునే నిమురుతూ. రాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను ఆ మాట అంటే స్వార్థమే అనుకుంటుందని మింగేశాను.

నువ్వు చెబితే వింటుంది. నీకు ఇందులో ఏ ఆశా లేదని ఆమెకి తెలుసు. అతను ఆదివారం వస్తాడు, నువ్వు శనివారం సాయంత్రానికే దిగు. చెల్లు సంగతి ఆమె చేతే అడిగించు, నువ్వు పక్కన ఉంటే చాలు. నా పేరు మాత్రం ఎత్తకు.

బస్సెక్కగానే ఫోన్ చెయ్యి, స్టాండుకి వస్తాను.

నీ బావ