క్యాడ్ ల్యాబ్‌లో ఫ్లాంజులు చాలు, ఒక గిటార్ బాడీ గీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ చదువుల పేజీలో క్యాడ్ (కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం) కోర్సుల మీద వేసిన వ్యాసం చదివాను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఏ ఉద్యోగం, ఎన్ని నెలలు పడుతుంది, ఎక్కడ నేర్పిస్తారు అన్నీ బానే రాశారు గానీ, నేర్చుకునే పిల్లోడు అసలు ఏం గీస్తాడు అన్నది మాత్రం ఎక్కడా లేదు. నేను డిప్లొమా మెకానికల్ చదివి ఏళ్ల తరబడి డ్రాయింగులు గీసుకుంటూ బతుకుతున్నవాణ్ణి, నా దగ్గరికి పని నేర్చుకోడానికి కుర్రాళ్లు వస్తుంటారు. ఎక్స్‌ట్రూడ్ (గీసిన ఆకారాన్ని మందంగా పైకి లేపడం) తెలుసు, రివాల్వ్ (గుండ్రంగా తిప్పడం) తెలుసు, ఫిల్లెట్ (అంచుని గుండ్రం చెయ్యడం) తెలుసు, అందరూ అదే ఫ్లాంజ్ (పైపులు కలిపి బిగించే బొక్కల చక్రం), అదే బేరింగ్ బ్లాక్, అదే నట్టు బోల్టు గీసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లే. కొలతలన్నీ పుస్తకంలో అచ్చేసి ఉంటాయి కాబట్టి ఏ కొలత ముందు రావాలి, ఏది దేన్ని బట్టి మారుతుంది అని ఆలోచించే పని ఒక్కసారి కూడా పడలేదు వాళ్లకి.

అందుకే అంటున్నా, ఒక ఎలక్ట్రిక్ గిటార్ బాడీ గీయించండి అని. నవ్వకండి, సీరియస్ గానే చెప్తున్నా.

ముందు అదేంటో చెప్పాలి, ఎందుకంటే గిటార్ అనగానే మనకి మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండి లోపల డొల్లగా ఉండేదే గుర్తొస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ అట్లా కాదు, చాలా వాటికి బాడీ గట్టి చెక్కే, సుమారు 45 మిల్లీమీటర్ల మందం, తీగ కదలికని పికప్ లో ఉండే అయస్కాంతం, రాగి చుట్ట పట్టుకుని యాంప్లిఫయర్ కి పంపిస్తాయి, అంతే. దీన్ని ఫ్యాక్టరీలో చేసి అమ్మే సరుకుగా మార్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు రిపేర్ చేసుకునేవాడు, ఆయనకి గిటార్ వాయించడం రాదు, అయినా 1950 లో పలకలాంటి ఒక మోడల్ (తర్వాత టెలీకాస్టర్ అన్నది దాన్నే), 1954 లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు, ఇప్పటికీ ప్రపంచంలో సగం గిటార్లు వాటికి చుట్టాలే. నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడుగాటి మెడ, దాన్ని వేరుగా చేసి నాలుగు స్క్రూలతో బాడీకి బిగించెయ్యడం, పాడైతే విప్పి మార్చెయ్యడం, ఇదంతా రిపేర్ చేసేవాడి బుర్రలోంచి వచ్చిన ఆలోచనే. వాయించడం రాదు కదా నాకెందుకు అనే స్టూడెంట్ కి ఇంతకన్నా ఏం చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం. కుర్రాడికి ఈ పని ఇస్తే మొట్టమొదట చేసేది ఏంటంటే నెట్ లో ఒక ఫొటో దించుకుని దాని అంచు చుట్టూ గీత గీయడం మొదలెడతాడు. ఆ వంపులు చూడ్డానికి అందంగా ఉంటాయి కాబట్టి చెయ్యి ముందు అక్కడికే పోతుంది. కానీ గిటార్ లో వంపుకి ఏ విలువా లేదు, నక్షత్రం ఆకారంలో చేసినా మోగుద్ది. విలువంతా మధ్యలో పోయే ఒక్క గీతలో ఉంది. ముందు సెంటర్ లైన్ వెయ్యాలి, దాని మీద స్కేల్ లెంగ్త్, అంటే పైన నట్ (నెక్ చివర తీగలు ఆనే చిన్న పట్టీ, బోల్టు నట్టు కాదు) నుంచి కింద బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) లోని శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) దాకా తీగ మోగే పొడవు పెట్టాలి. ఫెండర్ వాళ్లది 25.5 అంగుళాలు, 647.7 మి.మీ., గిబ్సన్ అనే ఇంకో కంపెనీ వాళ్లది మామూలుగా 24.75 అంగుళాలు అంటారు, అంటే 628.65 మి.మీ. ఈ ఒక్క అంకె నుంచే మిగతావన్నీ పుడతాయి.

ఎలాగంటే, నెక్ మీద అడ్డంగా ఉండే ఒక్కో ఫ్రెట్ (మెట్టు) దాటినప్పుడల్లా మిగిలిన తీగ పొడవుని 1.05946 తో భాగించుకుంటూ పోవాలి. పన్నెండు సార్లు భాగిస్తే సరిగ్గా సగం అయ్యే అంకె అది, పన్నెండు మెట్లకి ఒక స్థాయి కాబట్టి. 647.7 తీసుకుంటే మొదటి ఫ్రెట్ నట్ నుంచి 36.35 మి.మీ. దగ్గర, పన్నెండోది 323.85 దగ్గర, ఇరవై ఒకటో ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి శాడిల్ కి ఇంకా 192.6 మి.మీ. మిగిలి ఉంటుంది. ఆ ఇరవై ఒకటో ఫ్రెట్ తర్వాత ఇంకొంచెం చెక్క ఉండి నెక్ అయిపోతుంది, అది కూర్చునే గుంతే నెక్ పాకెట్. అంటే పాకెట్ ఎక్కడ ఆగాలి, బ్రిడ్జి ఎక్కడ రావాలి అన్నది మన ఇష్టం కాదు, లెక్క చెప్తుంది. బ్రిడ్జి రెండు మిల్లీమీటర్లు తప్పు చోట బిగించి, శాడిల్ స్క్రూ తిప్పినా అంత దూరం జరగకపోతే ఆ గిటార్ ఎప్పటికీ శ్రుతిలో ఉండదు, ఎంత ఖరీదైన చెక్క పెట్టినా అంతే. పైగా లావు తీగకి శాడిల్ లెక్క కన్నా కాస్త వెనక్కి ఉండాలి, కాబట్టి శాడిల్ జరిగే దారిలో ఎక్కువ భాగం వెనక వైపుకి మిగిలేలా బ్రిడ్జి పెట్టాలి. ఇదంతా స్క్రీన్ మీద ఒక్క వంపు కూడా గీయకముందే తేలిపోవాల్సిన సంగతి.

ఇక్కడే క్యాడ్ అంటే ఏంటో తెలుస్తుంది. ఈ అంకెలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్ లో పెట్టి స్కెచ్ ని దానికి కట్టినవాడు 647.7 తీసేసి 628.65 కొడితే ఆ 192.6 కాస్తా 186.9 అయి బ్రిడ్జి, పికప్ గుంతలు వాటంతట అవే ముందుకి జరుగుతాయి. చేత్తో అంకెలు వేసుకుంటూ పోయినవాడు మళ్లీ మొదటినుంచి గీయాలి. వంద ఫ్లాంజులు గీసినా ఈ తేడా తెలీదండి, ఫ్లాంజ్ లో మార్చే పనే రాదు కదా.

ఆ తర్వాత ఫొటో తెచ్చుకోవచ్చు. ఫొటోలో లెన్స్ వల్ల అంచులు కొంచెం వంకర పోతాయి, అందుకని తెలిసిన ఒక కొలతతో స్కేల్ చేసుకుని, దాన్ని గుడ్డిగా నమ్మకుండా, తక్కువ పాయింట్లతో స్ప్లైన్ (పాయింట్ల మీదుగా పోయే నున్నటి వంపు గీత) గీయాలి. పాయింట్లు ఎక్కువైతే గీత అదురుతుంది, కంటికి కనపడదు గానీ చివర్లో అంచుకి ఫిల్లెట్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ ఎర్రగా ఎర్రర్ చూపిస్తుంది, లేకపోతే చెక్క మీద లైట్ పడినప్పుడు బయటపడుతుంది. ఔట్‌లైన్ కుదిరాక 45 మి.మీ. పైకి లేపి, నెక్ పాకెట్ 16 మి.మీ. లోతు, 56 మి.మీ. వెడల్పు, పికప్ లకి వాటి గుంతలు, వాల్యూమ్ నాబులు ఉండే గుంత ఇంకా లోతు, వైర్లు పోవడానికి ఒకదాన్నుంచి ఒకదానికి సొరంగాలు. ఈ సొరంగాల దగ్గర చాలామంది బోల్తా పడతారు, స్క్రీన్ మీద అడ్డంగా బొక్క పెట్టడం సులువే, నిజం చెక్కలో డ్రిల్ బిట్ ఏ వైపు నుంచి లోపలికి పోవాలి, బిట్ ని పట్టుకునే చక్ దేనికి తగులుతుంది అని ఆలోచించాలి కదా. స్ట్రాటోకాస్టర్ వెనక పొట్ట ఆనే చోట, ముందు చెయ్యి ఆనే చోట చెక్క ఏటవాలుగా తీసేసి ఉంటుంది, పాత పలక మోడల్ అంచులు ఒంటికి గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్లు మొత్తుకుంటే వచ్చిన వంపులవి. పక్క నుంచి చూసే స్కెచ్ లో వంపు గీసి ఏటవాలు దిక్కులో కోత కొడితే ఆ షేప్ వస్తుంది. అంచుల గుండ్రం అన్నిటికన్నా చివర్న, అదీ నెక్ కూర్చునే చోట వదిలేసి. మొదట్లోనే ఫిల్లెట్లు కొట్టేసే అలవాటు ఉన్నవాళ్లకి ఇక్కడ మోడల్ మొత్తం విరిగిపోద్ది, మంచిదే, అలా అయితేనే తెలుస్తుంది.

ఎడమచేతి వాటం వాళ్లకి అయితే మిర్రర్ కమాండ్ ఒక్కటి చాలు. జిమీ హెండ్రిక్స్ అంతటి ఎడమచేతి వాటం గిటారిస్టు కుడిచేతి స్ట్రాటోకాస్టర్ ని తలకిందులుగా తిప్పి వాయించాడు పాపం.

సాఫ్ట్‌వేర్ కి డబ్బులేవి అంటారేమో. ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం, 2024 నవంబర్ లో దాని 1.0 వెర్షన్ వచ్చింది, వెనక స్టెప్ లో ఏదన్నా మారిస్తే తర్వాతి స్టెప్పులు చెదిరిపోయే పాత జబ్బు అందులో చాలావరకు తగ్గింది. ఫ్యూజన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కి సొంత వాడకానికి ఉచిత లైసెన్స్ ఉంది, కాకపోతే ఎడిట్ చేసుకునే ఫైళ్లు పదికే పరిమితం. కాలేజీ ల్యాబ్ కి ఫ్రీక్యాడ్ చాలు అని నా అభిప్రాయం, దొంగ కాపీలు వేసి నేర్పించే కన్నా నయం.

చెక్క సంగతి వస్తే ఇంకో పాఠం. అమెరికాలో ఆల్డర్, యాష్ వాడతారు, మనకి అవి దొరకవు, టేకు వేద్దామంటారు అందరూ. మోడల్ లో బాడీ ఘనపరిమాణం సుమారు 4,000 ఘన సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, ఆల్డర్ సాంద్రత 0.45 వేస్తే 1.8 కిలోలు, టేకు 0.65 వేస్తే 2.6 కిలోలు. మెడకి పట్టీ వేసుకుని రెండు గంటలు నిలబడి వాయించేవాడికి ఆ ఎనిమిది వందల గ్రాములు చాలా తేడా. అప్పుడు లోపల కనపడకుండా బోలు గదులు తీసి పైన పల్చటి చెక్క అతికించొచ్చు, 1968 లో ఫెండర్ వాళ్లే టెలీకాస్టర్ థిన్‌లైన్ అని అలాంటిది తెచ్చారు. ఎంత తీస్తే ఎంత తగ్గుతుంది, తీశాక బరువు నెక్ వైపు వాలిపోతుందా అన్నది సెంటర్ ఆఫ్ మాస్ (బరువు కేంద్రం) చూస్తే చెక్క ముట్టుకోకుండానే తెలుస్తుంది.

వీణ ఉండగా గిటార్ ఎందుకయ్యా అని మీ పాఠకుల్లో ఎవరో ఒకరు అంటారు, నాకు తెలుసు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, అక్కడ గొల్లపల్లిలో పనస మానుని చెక్కి చేస్తారు, నాకు చాలా గౌరవం. కానీ వీణలో 24 మెట్లు మైనం మీద చెవితో వింటూ కూర్చోబెడతారు, డొల్ల లోపలి మందం చేతికి తెలుస్తుంది. క్యాడ్ కొత్తగా నేర్చుకునేవాడు వీణ గీస్తే దాని ఆకారం గీస్తాడు తప్ప వీణ గీయలేడు. గిటార్ బాడీ అలా కాదు, లెక్కతో పుట్టిన వస్తువు, డ్రాయింగ్ కరెక్టుగా ఉంటే వస్తువు కరెక్టుగా వస్తుంది.

ఇక కోయించడం. ఇది ఎవరూ పట్టించుకోని విషయం, మన ఊళ్లలో సింహద్వారాల మీద లక్ష్మీదేవి, నెమళ్లు, పూజ మందిరాల జాలీలు కొట్టే సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మెషీన్) షాపులు ఎన్ని ఉన్నాయో చూడండి, చిన్న టౌన్లలో కూడా ఉన్నాయి. అదే మెషీన్ గిటార్ బాడీ కూడా కొడుతుంది. మోడల్ పట్టుకుని అక్కడికి పోతే షాపాయన అడిగే మొదటి ప్రశ్నకే సగం చదువు వచ్చేస్తుంది, బాబూ ఈ లోపలి మూల ఇంత పదునుగా గీశావు, నా బిట్ గుండ్రంగా తిరుగుద్ది కదా అంటాడు. 6 మి.మీ. బిట్ తో లోపలి మూల 3 మి.మీ. రేడియస్ కన్నా తక్కువ రాదు. నెక్ పాకెట్ మరీ బిగుతుగా గీస్తే పెయింట్ పొర పడ్డాక నెక్ దూరదు, దూర్చితే పెయింట్ పగులుతుంది. రెండు వైపులా కోయాలంటే చెక్క తిరగేసినప్పుడు అదే చోట కూర్చోడానికి సెంటర్ లైన్ మీద పిన్నుల బొక్కలు ముందే మోడల్ లో ఉండాలి. మొదట ఎండీఎఫ్ (చెక్క నారని అతికించి చేసే బోర్డు) మీద కొట్టి చూడాలి, మూతికి మాస్క్ కట్టుకుని, ఆ పొడి మంచిది కాదు.

ప్రభుత్వం వైపు కూడా సదుపాయాలు లేవని కాదు. హైదరాబాద్ లో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు, ఇలాంటి నమూనాలు చేసుకోడానికే అది. నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులు బళ్లలోకి త్రీడీ ప్రింటర్లు తెచ్చాయి, పూర్తి బాడీ వాటిలో పట్టదు గానీ నెక్ పాకెట్ ముక్క ఒక్కటి ప్రింట్ తీసి నెక్ దూరుతుందో లేదో చూసుకోవచ్చు. పాలిటెక్నిక్ లలో వర్క్‌షాప్ ఉంది, కార్పెంటరీ సెక్షన్ ఉంది, క్యాడ్ ల్యాబ్ ఉంది, మూడూ ఒకే కాంపౌండ్ లో ఉంటాయి, కానీ క్యాడ్ ల్యాబ్ లో గీసింది వర్క్‌షాప్ గడప తొక్కదు. ఫైనల్ ఇయర్ లో నలుగురికి కలిపి ఒక బాడీ ఇవ్వండి, రికార్డు పుస్తకం బదులు దాని మీదే మార్కులు వెయ్యండి, తీగలు బిగించి పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం కరెక్టుగా పలికితే పాస్.

మీ పేపర్ ని అడిగేది ఒకటే, ఈసారి క్యాడ్ మీద వేసేటప్పుడు కోర్సుల లిస్ట్ కాకుండా, ఏదో ఒక వస్తువు సెంటర్ లైన్ నుంచి చెక్క దాకా ఎలా వెళ్తుందో బొమ్మలతో ఒక పేజీ వెయ్యండి, గిటారే కానక్కర్లేదు. బొమ్మలు కావాలంటే నేను గీసి పంపిస్తా, డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు,
డ్రాయింగులు గీసుకునే ఒక పాఠకుడు,
తణుకు