టీ పన్ను ఒక్కటే కారణం కాదు
అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని మన పోటీ పరీక్షల గైడ్లు 1773 బోస్టన్ టీ పార్టీతో (ఓడల్లోని టీ పెట్టెలను నీళ్లలో పారబోసిన నిరసన) మొదలుపెట్టి 1776 జూలై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటనతో ముగించేయడం సరికాదు. నేను పాఠం చెప్పే గ్రూప్స్ అభ్యర్థుల్లో చాలామంది ‘టీ మీద పన్ను పెంచారు, జనం తిరగబడ్డారు’ అనే రాస్తున్నారు. నిజానికి 1773 టీ చట్టం వల్ల టీ చౌకయ్యే వీలుంది. అప్పుల్లో కూరుకుపోయిన ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి తెచ్చిన చట్టమది. తమ ప్రతినిధి ఒక్కరూ లేని బ్రిటన్ పార్లమెంటు తమపై పన్ను వేయడమేమిటన్నదే అమెరికాలోని వలసవాసుల అభ్యంతరం. ఆ తగువు పత్రాలు, పత్రికలపై పన్ను వేసిన 1765 స్టాంపు చట్టం నాటికే ముదిరింది. అయినా వాళ్లు ఒక్కరోజులో రాజుకు దూరం కాలేదు. లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలయ్యాక కూడా, 1775 జూలైలో బ్రిటన్ రాజు మూడో జార్జికి రాజీ విన్నపం పంపారు. ఆయన దాన్ని తీసుకోనేలేదు. ప్రకటన తర్వాతా ఏళ్ల తరబడి యుద్ధం సాగింది, ఫ్రాన్స్ సాయం అందింది, 1783 పారిస్ ఒప్పందంతో గానీ అమెరికా స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ ఒప్పుకోలేదు. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సేనకు అధిపతి కారన్‌వాలీసే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చి, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు విధానం (జమీందార్లు కట్టాల్సిన భూమిశిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేయడం) పెట్టాడు. 1802 నుంచి అది మన ఉత్తర సర్కారుకూ (నేటి కోస్తా ప్రాంతం) పాకింది. మన రైతుల చరిత్రను తాకే ఈ సంబంధం నేను చూసిన గైడ్లలో లేదు. మీ పత్రిక చదువు పేజీలో 1763 నుంచి 1783 దాకా ఏడాదివారీ పట్టిక వేయండి. రాజీ విన్నపం, స్వాతంత్ర్య ప్రకటనల ముఖ్య భాగాలను తెలుగులో పక్కపక్కన అచ్చువేయండి. సర్వీస్ కమిషన్లు కూడా తేదీలతో సరిపెట్టక కారణాలు అడగాలి.
– ఒక చరిత్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం