రోమ్ అని రాసి చివితావెక్కియాలో దించారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ హైదరాబాద్ ఆఫీసులో మాకు టిక్కెట్లు అమ్మిన అమ్మాయి మొదటి ఫోన్ నుంచి చివరి వాట్సాప్ దాకా తెలుగులోనే మాట్లాడింది, అందుకే నేనూ తెలుగులోనే రాస్తున్నాను. మాది కర్నూలు. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. దసరా సెలవులకి ఇంకో వారం సెలవు కలుపుకొని అక్టోబరులో బార్సిలోనా నుంచి బయల్దేరిన మీ ఏడు రాత్రుల క్రూయిజ్‌లో నేను, మావారు, మా అత్తమ్మ వచ్చాం. బుకింగ్ కాగితం, రసీదులు ఈ లేఖతో పంపుతున్నాను. షిప్పులో తిండి గురించి, గది గురించి నాకు ఏ కంప్లయింటూ లేదు. గది శుభ్రం చేసే అబ్బాయి అత్తమ్మని సొంత నానమ్మలా చూసుకున్నాడు, ఆ మాట కూడా రాయాలి. నా ఫిర్యాదంతా ఒక్క రోజు గురించి.

మీరిచ్చిన ప్రోగ్రామ్ కాగితంలో నాలుగో రోజు దగ్గర "రోమ్, ఇటలీ, ఉదయం 7 నుంచి సాయంత్రం 7" అని ఉంది. ఇంకేమీ లేదు. ఆ ఒక్క లైను చూసే మేం ఈ ప్రయాణానికి డబ్బు కట్టాం.

ఎందుకో చెప్తాను. అత్తమ్మకి 74 ఏళ్ళు. వాళ్ళ పుట్టింటివాళ్ళు తరతరాలుగా ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ క్రైస్తవులు. చిన్నప్పుడు వాళ్ళ నాయన ప్రార్థనలో రోమాపురి అని చెప్తుంటే వింటూ పెరిగింది. 2025 కాథలిక్కులకి జూబిలీ, అంటే పవిత్ర సంవత్సరం. రోమ్‌లో వాటికన్ దగ్గరున్న పునీత పేతురు బసిలికా అనే పెద్ద చర్చిలో పవిత్ర ద్వారం మామూలుగా పాతికేళ్ళకొకసారి తెరుస్తారు, ఫ్రాన్సిస్ పాపుగారు 2024 డిసెంబరు 24న తెరిచారు, అది 2026 జనవరి 6న మూతపడింది. ఈ మధ్యలోనే ఏప్రిల్లో ఆయన పోయారు, మే నెలలో పద్నాలుగో లియో పాపుగారు వచ్చారు, ఆ రోజుల్లో అత్తమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ ద్వారంలోంచి ఒక్కసారి నడిస్తే చాలు అనింది. మళ్ళీ పాతికేళ్ళ జూబిలీ అంటే 2050, అప్పటికి ఆమెకి 99. ఆ లెక్క ఆమే వేసి చెప్పింది మాకు.

అందుకే డబ్బు కట్టే ముందు మీ అమ్మాయిని రెండుసార్లు అడిగాను, షిప్పు దిగితే రోమ్‌లోనే ఉంటామా, చర్చి ఎంత దూరం అని. "రోమే మేడమ్, దిగి టాక్సీ ఎక్కేయడమే, టెన్షన్ పెట్టుకోకండి" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. అది ఇంకా నా ఫోన్లో ఉంది.

మీ షిప్పు ఆగేది రోమ్‌లో కాదని మాకు తెలిసింది ముందు రోజు రాత్రి, భోజనాల దగ్గర. చివితావెక్కియా అనే ఊరి రేవులో ఆగుతుంది, అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైనే. కర్నూలు బస్టాండులో దింపేసి నంద్యాల వచ్చింది దిగండి అంటే ఎట్లుంటుందో మాకట్లా ఉండింది. ఆ ఊరిని నేనేమీ తక్కువ చేయడం లేదు. ట్రాజన్ చక్రవర్తి కట్టించిన రేవు, 1900 ఏళ్ళ చరిత్ర ఉంది, ఒడ్డునే మైఖెలాంజెలో పేరున్న పెద్ద కోట ఉంది. ఉన్న పేరు రాసుంటే మేం ముందే చదువుకొని, ఎట్లా వెళ్ళాలో తెలుసుకొని వచ్చేవాళ్ళం. పెద్ద షిప్పులు రోమ్ ఊర్లోకి రాలేవని, ఆ ఊరికి రేవు ఇదేనని ఇప్పుడు తెలిసింది. మీకు మొదటి నుంచీ తెలుసు కదా.

ఆ రాత్రే మావారు మీ టూర్ల డెస్క్ దగ్గరికి వెళ్ళారు. నేను పక్కనే ఉన్నాను, కాబట్టి విన్నదే రాస్తున్నాను. రోమ్‌కి రైలు ఉందా అని అడిగారు. డెస్క్‌లో ఉన్నావిడ, బయటి రవాణా గురించి మేం సమాచారం ఇవ్వం అన్నారు. సరే, స్టేషన్ ఎంత దూరం అని అడిగారు. పోర్టు లోపల నడవనివ్వరు, మీరు స్టేషన్‌కి నడిచి వెళ్ళలేరు అన్నారు. అత్తమ్మ వయసు చెప్పి, తక్కువ ఖర్చులో ఎట్లా వెళ్ళొచ్చు అంటే, సొంతంగా వెళ్ళి లేటైతే షిప్పు వెళ్ళిపోతుంది, తర్వాతి రేవు దాకా మీ ఖర్చుతో మీరే రావాలి, మీ పాస్‌పోర్టులు కూడా మా దగ్గరే ఉన్నాయి కదా అన్నారు. ఆ చివరి మాటతో మావారి ముఖం మారిపోయింది. ఊరుగాని ఊర్లో, భాష రాని చోట, పెద్దామెని పెట్టుకొని పాస్‌పోర్టు లేకుండా నిలబడటం అనేది ఊహించుకుంటేనే చేతులు చల్లబడతాయి. వెంటనే మీ బస్సుకి మూడు టిక్కెట్లు తీసుకున్నాం. గైడు లేడు, భోజనం లేదు, రోమ్ దాకా తీసుకుపోయి తీసుకొచ్చే బస్సు అంతే. మనిషికి 75 యూరోలు. ముగ్గురికి 225.

నడవనివ్వరు అన్నది నిజమే. పోర్టు లోపల లారీలు, కంటైనర్లు తిరుగుతాయి కాబట్టి నడవనివ్వరు. కానీ అందుకోసమే పోర్టువాళ్ళు షిప్పు దగ్గర నుంచి గేటు బయట ఉన్న లార్గో డెల్లా పాచే అనే చోటి దాకా ఉచితంగా బస్సులు తిప్పుతారు. ఆ సగం మీ ఆవిడ చెప్పలేదు. సగం నిజం చెప్పి ఆపేస్తే విన్నవాళ్ళు ఏమనుకుంటారో ఆ డెస్క్‌లో కూర్చున్న మనిషికి తెలియదని నేను నమ్మను.

మర్నాడు ఏడుకల్లా షిప్పు ఆగింది. మమ్మల్ని ఎనిమిదింపావుకి థియేటర్లో కూర్చోబెట్టి చొక్కాలకి స్టిక్కర్లు అంటించారు. బస్సు కదిలేసరికి తొమ్మిదింపావు. దోవలో ట్రాఫిక్. వాటికన్ దగ్గర బస్సులు ఆగేచోట దిగేసరికి పదకొండు దాటింది, రెండున్నరకి ఇక్కడే ఉండాలి, బస్సు ఎవరి కోసమూ ఆగదు అన్నారు. అక్కడి నుంచి అత్తమ్మ నడకతో చర్చి ముందు మైదానానికి వచ్చేసరికి పదకొండు నలభై. లోపలికి టిక్కెట్టు లేదు, ఉచితమే, కానీ ఎయిర్‌పోర్టులో లాగా బ్యాగులు స్కాన్ చేసి పంపుతారు, జూబిలీ కాబట్టి ఆ క్యూ మైదానం చుట్టూ తిరిగింది. నాలుగు వరసల్లో 284 స్తంభాలున్నాయి అక్కడ, ఆ నీడలో అత్తమ్మ జపమాల పట్టుకొని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలని ఎవరో చెప్పారని అంత ఎండలో కూడా శాలువా తీయలేదు.

రెండు కావస్తుంటే స్కానింగ్ మెషిన్లు కనిపించాయి. మా ముందు ఇంకో వంద మంది ఉంటారేమో. మావారు గడియారం చూశారు, నేను ఆయన వైపు చూశాను, ఇద్దరం మాట్లాడలేదు. అత్తమ్మే అనింది, "పోదాం పదమ్మా, బస్సు పోతాదంట కదా" అని. పక్కనున్న స్తంభాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకొని వెనక్కి తిరిగింది.

నాలుగుంపావుకి మళ్ళీ షిప్పులో ఉన్నాం. షిప్పు కదిలింది ఏడుకి. ఆ మూడు గంటలూ అత్తమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఇది రాస్తుంటే కూడా నాకు చెయ్యి ఆడటం లేదు.

ఆ రాత్రి మా బల్ల దగ్గర కూర్చునే నాసిక్ దంపతులు వచ్చి ఫోటోలు చూపించారు. పవిత్ర ద్వారం దాటుతూ ఒకటి, లోపల కుడి పక్కన అద్దం వెనకాల ఉన్న పియెతా ముందు ఒకటి, చనిపోయిన క్రీస్తుని ఒళ్ళో పెట్టుకున్న మరియమాత విగ్రహం. వాళ్ళు క్రైస్తవులు కూడా కాదు. ఆ పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైర్ అయ్యారట, అందుకని రైలు సంగతి ఇంటి దగ్గరే చూసుకొని వచ్చారు. ఏడున్నరకి షిప్పు దిగారు, పోర్టు ఉచిత బస్సులో గేటు బయటికి వచ్చారు, అక్కడి నుంచి ఇంకో చిన్న బస్సులో స్టేషన్. నడిచినా ఇరవై నిమిషాలేనట, సముద్రం పక్కనే. లోకల్ రైళ్ళు చాలానే ఉన్నాయి, సీటు రిజర్వేషన్ అక్కర్లేదు, ఒక వైపుకి మనిషికి ఐదు యూరోలు కూడా కాలేదు. కాగితం టిక్కెట్టయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీద ఉన్న మెషిన్లో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే ఫైను, అదొక్కటే జాగ్రత్త. దాదాపు గంట ప్రయాణం, రోమా సాన్ పియెత్రో స్టేషన్లో దిగితే బసిలికాకి నడిచే దూరం. పది లోపే క్యూలో ఉన్నారు. దర్శనం అయ్యాక తీరిగ్గా భోజనం చేసి, టైబర్ నది ఒడ్డున కూర్చొని, నాలుగింటి రైలెక్కి ఐదున్నరకి షిప్పులో ఉన్నారు. ఎక్కాల్సిన గడువు ఆరు.

అంటే సొంతంగా వెళ్ళినవాళ్ళకి మా కన్నా దాదాపు రెండు గంటలు ముందు, మధ్యాహ్నం ఇంకో గంటన్నర ఎక్కువ దొరికింది. ఖర్చు మాకైన దాంట్లో ఏడో వంతు. అత్తమ్మ ఇవన్నీ వినింది. వాళ్ళ ఫోటో ఒకటి తన ఫోన్లోకి పంపించుకుంది.

మీ వైపు న్యాయం కూడా నేను చెప్తాను. మీ బస్సు లేటైతే షిప్పు ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు, అది నిజం. ఇటలీలో రైళ్ళ సమ్మెలు కూడా జరుగుతుంటాయి. నడవలేనివాళ్ళకి, చిన్నపిల్లలున్నవాళ్ళకి మీ బస్సే మేలు కావచ్చు. అవన్నీ చెప్పండి. రైలుందని కూడా చెప్పండి. రెండూ విని ఏది కావాలో మేం నిర్ణయించుకుంటాం. మా అత్తమ్మ రోజూ పొద్దున చర్చికి నడిచిపోయే మనిషి, ఆమెకి రైలు కష్టమేమీ కాదు.

ఇంటికొచ్చాక మీ మిగతా ప్రోగ్రామ్‌లు కూడా చూశాను. ఫ్లోరెన్స్ అని రాసిన చోట షిప్పు ఆగేది లివోర్నోలో, దాదాపు 90 కిలోమీటర్లు. పారిస్ అన్నది లె హావ్ర్, అది 200 కిలోమీటర్లు. లండన్ అంటే సౌతాంప్టన్. బ్యాంకాక్ అంటే లేమ్ చాబాంగ్, అదీ వంద పైనే. ఏథెన్స్ అని రాస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు, పిరేయస్ రేవు ఊరికి ఆనుకునే ఉంది, మెట్రో ఎక్కితే వెళ్ళిపోవచ్చు. తేడా మీకు తెలుసు, మీ కాగితం చదివే నంద్యాల వాళ్ళకి, ఆదోని వాళ్ళకి తెలియదు. జీవితంలో ఒక్కసారి పోదామని చిట్టీలు పాడి, ఎఫ్‌డీలు తీసి డబ్బు కట్టేవాళ్ళు వాళ్ళు.

నేను అడిగేవి ఇవి. బస్సుకి కట్టిన 225 యూరోల్లో, మేం రైల్లో పోయున్నా ఒక ముప్పై అయ్యేవి కాబట్టి అవి పోను 195 యూరోలు, మన డబ్బుల్లో ఇరవై వేల దాకా, వెనక్కి ఇవ్వండి. ప్రోగ్రామ్ కాగితంలో రేవు పేరే పెద్దగా రాసి, రోమ్ ఎంత దూరమో దాని పక్కనే రాయండి, టిక్కెట్టు అమ్మేటప్పుడే. ప్రతి రేవుకీ ఒక పేజీ కాగితం ఇవ్వండి: పోర్టు బస్సు ఎక్కడ ఆగుతుంది, స్టేషన్ ఎటు, వెనక్కి రావడానికి ఆఖరున ఏ రైలు ఎక్కితే భద్రం, షిప్పు తప్పిపోతే ఎవరికి ఫోన్ చేయాలి. పాస్‌పోర్టులు మీ దగ్గర పెట్టుకుంటే వాటి కాపీలు దిగేవాళ్ళ చేతికి మీరే ఇవ్వండి, ఆ మాట చెప్పి భయపెట్టకండి. డెస్క్‌లో ఉన్నావిడని ఉద్యోగం నుంచి తీసేయమని నేను అడగడం లేదు, అలా చెప్పమని ఆమెకి నేర్పిన పద్ధతి మార్చండి. అత్తమ్మకి ఒక ఉత్తరం రాయండి. జరిగిన దానికి క్షమించమని, ఆమె పేరున.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు కావాలి. రాకపోతే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే ఊర్లోనే వేసుకోవచ్చని, హైదరాబాద్ తిరగాల్సిన పని లేదని తెలుసుకున్నాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఇప్పటికే ఫోన్ చేశాను. వాయిస్ మెసేజ్, ప్రోగ్రామ్ కాగితం, బస్సు రసీదు మూడూ భద్రంగా ఉన్నాయి.

అత్తమ్మకి రాసే ఉత్తరం తెలుగులో రాయండి. పెద్ద అక్షరాలతో. ఆమెకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యింది, అయినా ఎవరి చేతా చదివించుకోదు, తనే చదువుకుంటుంది.

ఇట్లు,
మీ షిప్పులో వచ్చిన ప్రయాణికురాలు,
కర్నూలు