దూలాలు ఆలస్యమవుతున్నాయి, కారణం ఇదీ

ఈ నెలలో గ్లూలామ్ (కలప పలకలను పొరలుగా జిగురుతో అతికించి చేసే) దూలాలు, స్తంభాలు అందుకోవాల్సిన మీ అందరికీ: సరుకు ఆలస్యమవుతుంది. ఎవరి నోటో వినేకంటే నేనే చెప్పడం మర్యాద.

మాకు ఏళ్లుగా పలకలు పంపుతున్న సరఫరాదారు ఈసారి తెచ్చిన లోడు తిప్పి పంపేశాను. కలపలో వంక లేదు. తేమ మీటరు సూదులు ఎక్కడ గుచ్చినా 12 శాతం దగ్గరే ఆగింది. ముడులు తక్కువ, వంపు లేదు. చూస్తే వదలబుద్ధి కాని కలప. తేడా బిల్లులో వచ్చింది. ఎఫ్‌ఎస్‌సీ (అడవిని బాధ్యతగా చూసుకుంటున్నారని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ) కలపైతే అమ్మినవాళ్ల సర్టిఫికెట్ కోడ్, సరుకు ఎఫ్‌ఎస్‌సీ 100 శాతమా, మిక్సా (వేరే చోట్ల సరుకూ కలిసిందా) అన్న వివరం బిల్లు మీద ఉండి తీరాలి. రెండూ లేవు. ఎఫ్‌ఎస్‌సీ వాళ్ల జాబితాలో వెతికితే సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఫోన్ చేస్తే, “అదే అడవి, అవే చెట్లు. కాగితం ముక్క కోసం మీలాంటి చిన్న షాపుకి ఇంత పట్టుదలా?” అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నిజానికి నాకు ఇంకో దారి ఉంది. ఎఫ్‌ఎస్‌సీ పేరెత్తకుండా, మామూలు కలపేనని చెప్పి మీకు అమ్మొచ్చు. అబద్ధం కాదు, బలంలో తేడా రాదు, గడువూ తప్పదు. దీని మీదే చాలా కొట్టుమిట్టాడాను. కలప బలం గురించి ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టోర్నె భవనం 85 మీటర్ల ఎత్తున గ్లూలామ్ దూలాలు, స్తంభాల మీదే నిలబడి ఉంది. మీరు కాంక్రీటు వద్దని కలప అడిగింది బలం కోసమే కాదు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. ఒక ఘనమీటరు మెత్తకలప (పైన్ లాంటిది), చెట్టు గాలి నుంచి పీల్చిన 900 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్‌ని తనలో దాచుకుంటుంది. కానీ నరికిన చోట అడవి మళ్లీ లేస్తేనే ఆ లెక్కకు అర్థం. లేవకపోతే మనం కట్టింది ఇల్లు, పోగొట్టుకున్నది అడవి. అడవి మళ్లీ లేస్తోందని ఇక్కడ కూర్చుని నేను కళ్లతో చూడలేను. ఎవరో వెళ్లి తనిఖీ చేశారన్న ఆధారం నాకు ఆ కాగితం ముక్కే. దాన్ని వదిలేస్తే, ఇన్నాళ్లూ మీతో చెప్పిన మాటలకు విలువేముంది? పంతమంటారా, పంతమే.

పాత బిల్లులన్నీ తీసి చూశాను, అవి సర్టిఫికెట్ గడువు లోపలివే. ఇప్పటికే మీ ఇళ్లకెక్కిన దూలాల గురించి దిగులు వద్దు. కొత్త సరఫరాదారు సర్టిఫికెట్ నేనే సరిచూసుకున్నాను, పలకలు బయల్దేరాయి. జిగురు ఆరే సమయం తగ్గించమని మాత్రం దయచేసి అడగొద్దు, అది తగ్గించను. ఆగలేనివాళ్లకు అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాను, మొహమాటపడకండి.

క్రేన్ మాట్లాడుకున్నవాళ్లు రద్దు చేసే ముందు నాకోసారి ఫోన్ చేయండి. కొందరి స్తంభాలు పాత స్టాకుతో తయారయ్యే ఉన్నాయి, వాటిని ముందు పంపగలను.