జులై పెట్టెలో ఏం జరిగిందంటే

అందరికీ నమస్కారం.

నెలనెలా మన చదువరుల క్లబ్బులకి ఒక డిటెక్టివ్ నవల ఆరేసి కాపీలు, ఆ కథకి తగ్గ భోజనం పెట్టి నేను పంపే పెట్టె సంగతి ఇది. జులై పెట్టె తీసుకున్న తొమ్మిది క్లబ్బుల్లో నాలుగింటికి ఏం జరిగిందో ఇప్పటికే తెలుసు. మిగతా అయిదు క్లబ్బుల వాళ్ళు ఇంకెవరి నోటో వినేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. మీకు పంపిన 54 పుస్తకాల్లో 31 దొంగ ముద్రణవి. వాటిలో 12 కాపీలకి ముగింపు లేదు.

పుస్తకం మీకు తెలిసిందే, జపాన్ రచయిత కీగో హిగాషినో రాసిన 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్', ఇంగ్లీషు అనువాదం. చివరి 60, 70 పేజీలు విడిగా ఎవరూ చదవకూడదు, శనివారం అందరూ కూర్చుని తింటూ ఒకరు పైకి చదువుతుంటే వినాలి అన్నది మన పద్ధతి కాబట్టి, ప్రతి కాపీకీ 310వ పేజీ దగ్గర నుంచి కాగితం పట్టీ చుట్టి అంటించి పంపుతాను. ఆ 54 పట్టీలూ నా చేత్తోనే చుట్టాను. 310 దాకా చూశాను, ఆ తర్వాత ఏముందో చూడలేదు. ఆ తప్పు నాదే.

శనివారం రాత్రి ఏడు దాటాక పటమట క్లబ్బు నుంచి ఫోన్ వచ్చింది. పట్టీ చింపి చదువుతున్నారు, 320వ పేజీ తిప్పితే మళ్ళీ 289 వచ్చింది. అక్కడి నుంచి పాత పేజీలే 320 దాకా, ఆ వెంటనే అట్ట. అంటే రెండు ఫారాలు (పదహారేసి పేజీలు కలిపి మడిచినవి) రెండుసార్లు కుట్టేసి, చివరి ఫారాలు వదిలేశారన్నమాట. ఫోన్ పెట్టేసే లోపే గుణదల వాళ్ళది, తర్వాత సత్యనారాయణపురం వాళ్ళది. నాలుగో ఫోన్ ఆదివారం పొద్దున.

ఆ రాత్రి పటమట వాళ్ళు ఒకే ఒక్క మాట అడిగారు. "మీ దగ్గర మంచి కాపీ ఉంది కదా అక్కా, ఆ చివరి పేజీలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టెయ్యండి, చదివేసుకుంటాం." వాళ్ళ ముందు టిఫిన్ క్యారియర్ విప్పి ఉంది, ఆరుగురూ వారమంతా ఆఫీసులూ పిల్లలూ సర్దుకుని ఆ రెండు గంటలు మిగుల్చుకుని వచ్చినవాళ్ళు. నా కాపీ నా చేతిలోనే ఉంది. ఫోన్ కెమెరా కూడా తెరిచాను. పది నిమిషాలు అలాగే నిలబడ్డాను. పంపలేదు.

ఎందుకు పంపలేదో చెప్పాలి, ఎందుకంటే వాళ్ళకి కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమైనదే. దొంగ కాపీ అంటగట్టారని మరొకరిని తిట్టి, అదే గంటలో నేను యాభై, అరవై పేజీలు ఫోటోలు తీసి పంచితే నాకూ వాడికీ తేడా ఏముంది? కాపీరైట్ చట్టం 1957 నుంచీ ఉంది, పుస్తకాలు అమ్మేదాన్ని, అది తెలియదనలేను. అయినా చట్టం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆ ముగింపుని ఫోన్ తెర మీద, అక్షరాలు పెద్దవి చేసుకుంటూ, పక్కకి జరుపుకుంటూ చదివించడానికి నాకు మనసు ఒప్పలేదు. ఈ పని మొదలుపెట్టిందే ఆ ఒక్క గంట కోసం. ఒకావిడ, ఇదే కథతో 2023లో హిందీలో వచ్చిన 'జానే జాన్' సినిమా చూశాను, చివర్లో ఏమవుతుందో నేను చెప్పేస్తాను అందట. వద్దని బతిమాలాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పంపేసి ఉంటే ఆరుగురూ సంతోషంగా ఇంటికెళ్ళేవారు కదా అని తెల్లవారేదాకా అనిపిస్తూనే ఉంది. ఇప్పటికీ పంపకపోవడమే సరైందని అంటున్నాను. కానీ ఆ సాయంత్రం మాత్రం వాళ్ళకి పోయింది, దాన్ని నేను తిరిగి ఇవ్వలేను.

ఇక సరఫరాదారు సంగతి. పేరు రాయను. రెండేళ్ళుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఒక్కసారీ మాట రాలేదు. ఈసారి మామూలు కంటే ఎక్కువ డిస్కౌంట్ ఇస్తానన్నాడు, నేనూ సంతోషించాను. కట్టల్లో పైన ఉన్నవి అసలువి, కింద ఉన్నవి నకిలీవి. పై కట్ట విప్పి చూసుకుని సరే అనుకున్నాను. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది: నకిలీ కాపీ కాగితం బూడిద రంగు, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనపడతాయి, పంక్తులు ఒక పక్కకి ఒరిగి ఉంటాయి, వెన్ను దగ్గర కొంచెం గట్టిగా తెరిస్తే జిగురు టక్కున విడుతుంది. బిల్లు అడిగితే వారం నుంచి పంపిస్తానంటూనే ఉన్నాడు.

ఫోన్ చేసి అడిగితే ఆయనన్న మాట వినండి. "హంతకులెవరో మొదట్లోనే తెలిసిపోయే కథేగా మేడమ్, చివర నాలుగు పేజీలు లేకపోతే ఏమైంది?"

నాకు డబ్బు పోయినందుకంటే ఈ మాటకే ఎక్కువ బాధ కలిగింది. నిజమే, యాసుకో తన మాజీ భర్తని ఎలా చంపిందో మొదట్లోనే చెప్పేస్తాడు రచయిత. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆమెని కాపాడటానికి ఒక పథకం వేస్తాడు. ఎవరు చంపారన్నది కాదు అక్కడ ప్రశ్న, ఆ మాస్టారు అసలు ఏం చేశాడన్నది. అది చివర్లోనే తెలుస్తుంది, తెలిశాక మొదటి నుంచీ చదివిందంతా మారిపోతుంది. పుస్తకాల వ్యాపారం చేసేవాడు ఆ మాట ఎలా అనగలిగాడో నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఆయన గడప తొక్కను. సగం ధరకి ఇచ్చినా తొక్కను.

తిండి విషయంలో మాత్రం లోటు జరగలేదు, అది మా వంట పిన్ని పుణ్యం. యాసుకో పనిచేసేది బెంతో అమ్మే కొట్లో. బెంతో అంటే ఒకే డబ్బాలో అరలు అరలుగా అన్నం, కూర సర్దిన క్యారేజీ భోజనం అనుకోండి. ఆమెని చూడటం కోసమే ఇషిగామి రోజూ స్కూలుకి వెళ్తూ అక్కడ భోజనం కొనుక్కుంటాడు. అందుకే ఈ నెల మీకు అరల డబ్బాలో పులిహోర, పొడిగా వేయించిన బంగాళదుంప, సెనగ గుగ్గిళ్ళు, ఒక సున్నుండ పెట్టాం. జపాన్ వంట మనకి చేతకాదు, చేతకానిది చేసి పంపడం నాకిష్టం లేదు. కానీ ఒక మనిషి రోజూ ఒకే కొట్లో ఒకే డబ్బా ఎందుకు కొంటాడో, డబ్బా మూత తీసినప్పుడు మీకు గుర్తు రావాలని నా కోరిక. నూనె వేళ్ళకి అంటకుండా చెంచాలు వేశాం, గమనించే ఉంటారు.

ఇప్పుడు చేస్తున్నది. 31 కాపీలకీ అసలు పుస్తకాలు తెప్పించాను, కొన్ని ఊళ్ళోని షాపుల్లోనే పూర్తి ధరకి కొన్నాను, మిగతావి హైదరాబాద్ నుంచి వచ్చాయి. బుధవారం నుంచి మా అబ్బాయి తెచ్చి ఇస్తాడు, పాతవి తీసుకుంటాడు. పేజీలన్నీ ఉన్న నకిలీ కాపీలు 19 ఉన్నాయి కదా, "మా దాంట్లో అన్నీ ఉన్నాయి, ఉండనివ్వండి" అని కొందరు అన్నారు. దయచేసి ఇచ్చెయ్యండి. హాస్టల్ పిల్లలకి ఇవ్వొచ్చుగా అని కూడా సలహా వచ్చింది. ఇవ్వను. రచయితకి గానీ అనువాదకుడికి గానీ పైసా వెళ్ళని పుస్తకం నా చేతుల మీదుగా ఇంకొక చేతికి వెళ్ళదు, చింపి పాత కాగితాల వాళ్ళకి వేస్తాను. మీకిది మొండితనం అనిపిస్తే అనిపించనివ్వండి.

ఆ నాలుగు క్లబ్బులకీ భోజనం మళ్ళీ వండి పంపుతాం, డబ్బులు తీసుకోం. రోజు మీరే చెప్పండి. ఈలోపు కథ చివర తెలుసుకున్నవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పకండి.

ఇక ధర. ఇకపై బిల్లుతో, ప్రచురణకర్తల అధీకృత పంపిణీదారు దగ్గరే కొంటాను. అందుకని ఆగస్టు నుంచి పెట్టె 3,300 కాదు, 3,750 రూపాయలు. భారమనిపించి మానేస్తామంటే నేనేమీ అనుకోను, ముందుగా చెప్తే చాలు.

ఆగస్టు పుస్తకం అగాథా క్రిస్టీ 'శాడ్ సైప్రస్', 1940లో వచ్చింది. పోలీసుల అనుమానమంతా చేప పేస్టు పూసిన శాండ్‌విచ్‌ల చుట్టూ తిరుగుతుంది. ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది, విషాల గురించి ఊరికే రాయలేదు. చేప వద్దనేవాళ్ళు మనలో ఎక్కువ కాబట్టి కొత్తిమీర పచ్చడి పూసిన బ్రెడ్డు, అంచులు తీసేసి, ఫ్లాస్కులో టీతో. చేప కావాలనే క్లబ్బు ఏదైనా ఉంటే ముందే చెప్పండి, పిన్ని కొర్రమీను వండుతుంది, కాకపోతే వేరే డబ్బాలో.

పెద్దవాళ్ళు అడుగుతున్న కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు కూడా మనసులో ఉన్నాయి, ఒకే నవల ఆరు మంచి కాపీలు దొరికిన నెలలో తప్పకుండా వేస్తాను. దానికి పిడతకింద పప్పు అని ఇప్పుడే అనుకున్నాం. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న అలాంటి నవలల్లో, మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసిపెట్టేవాళ్ళు ఎవరో. ఆ పేరు కనపడకుండా మా అక్క అరచెయ్యి అడ్డం పెట్టి పేజీ తిప్పి ఇచ్చేది నాకు. ఈ పట్టీలు చుట్టే అలవాటు అక్కణ్ణుంచే వచ్చింది. ఇకపై 54 కాపీల్లోనూ చివరి పేజీ దాకా తిరగేశాకే పట్టీ చుడతాను.

పటమట వాళ్ళూ, మీ క్యారియర్లు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. బుధవారం పుస్తకాలు వచ్చినప్పుడు ఇచ్చి పంపండి, మళ్ళీ వాటిలోనే పులిహోర వస్తుంది.