మహేంద్రతనయని కొడుకును చేసిన పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి బయటి రాష్ట్రాల తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో పోటీ పెడుతున్నామని ఒక సంస్థ ప్రకటన వాట్సాప్‌లో తిరుగుతూ మా పర్లాకిమిడికీ చేరింది. కిందటేడు పెట్టిందీ వాళ్లే. ఈసారి కూడా మాట్లాడే రౌండుకు మార్కులు యంత్రమే వేస్తుందట. ఆ ఒక్క సంగతి మీదే ఈ ఉత్తరం.

నాకు ఫోను మీద పగేం లేదు. నాది జిరాక్స్, నెట్ షాపు. దాని మీదే బతుకుతున్నాను. మా అమ్మాయి ఏడో తరగతి, ఒడియా మీడియం. బళ్లో తెలుగు చెప్పే మాస్టారు లేరు. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే గాని, కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించే తీరిక ఎవరికుంది? నేను షాపు మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ పని ఫోన్లో ఆప్ చేసింది. ఒక వేసవి సెలవుల్లోనే పిల్ల గుణింతాలు దాటి చిన్న చిన్న కథలు చదవడం మొదలెట్టింది.

ఒడియాలో ఎ, ఏలకు వేరువేరు అక్షరాల్లేవు. ఒ, ఓ కూడా అంతే. ఆ అలవాటుతో మా పిల్ల 'నెల'ని 'నేల' అని రాసేది, 'కొన'ని 'కోన' చేసేది. నేనెన్నడూ గమనించలేదు. ఆప్ పట్టుకుంది. రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి, నొక్కినప్పుడల్లా పలికి వినిపించింది. ఒక సాయంత్రం "నెల, నేల, నెల, నేల" అని ఇల్లంతా మోగిపోతుంటే మా అమ్మ వంటింట్లోంచి, "ఏటే గుంటా, ఆ ఫోనుకి బూతం పట్టినాదేటి?" అని కేకేసింది. నాకు చదువు చెప్పిన మాస్టారైతే మూడోసారికే చెవి మెలేసేవారు.

చేతిరాత దగ్గర మాత్రం ఫోను మోసం చేసింది. తెర మీద వేలితో 'అ' దిద్దేటప్పుడు తోక దగ్గర మొదలెట్టి వెనక్కి గీసినా "శభాష్" అంటుంది, ఆకారం కుదిరితే చాలు దానికి. టైపు చేస్తే ఒత్తు దానంతటదే కిందికి దిగి కూర్చుంటుంది. కాగితమిచ్చి 'తల్లి' రాయమంటే పిల్ల 'తల్‌లి' అని రాసింది. "ఒత్తేదే?" అంటే, "అదే వస్తాది కద నాన్నా" అంది. పలక కొనిచ్చాను, ఆ గొడవ అక్కడితో సరి.

ఇక కిందటేటి పోటీ. "మీ ఊరి గురించి ఒక నిమిషం చెప్పండి" అన్నది ప్రశ్న. మా షాపులోనే, నా కంప్యూటరు ముందు కూర్చుని చెప్పింది. "మా ఊరికాడ మహేంద్రతనయ ఉన్నాది. వానలప్పుడు నిండా పారతాది. నాను మా తాతతో ఎల్లినాను..." తడుముకోలేదు. తను మాట్లాడుతుంటే యంత్రం విన్న మాటలు తెర మీద పడుతున్నాయి. మహేంద్రతనయ కాస్తా 'మహేంద్ర తనయుడు' అయింది. మహేంద్రగిరి కూతురు కొడుకైపోయింది! 'నాను' వెళ్లి 'నాన్న' అయింది. చివరికి తయారైన వాక్యం: "నాన్న మా తాతతో వెళ్లి నాన్న." నూటికి 46 వేసి, కింద "ఉచ్చారణ మెరుగుపరచుకోవాలి" అని రాసింది.

ఆ వారంలోనే ఒక పూట మా అమ్మ "నాను తర్వాత తింటాన్లే" అంటే, పిల్ల "నాను కాదు నాన్నమ్మా, నేను" అని దిద్దింది. మా అమ్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

యంత్రం తప్పు కూడా కాదది. ముందు తనకు వినిపించిన రికార్డింగుల్లో ఏ శబ్దానికి ఏ మాట, ఏ మాట వెంట ఏ మాట ఎక్కువగా వచ్చాయో లెక్క కట్టుకుంటుంది. కొత్త గొంతు వినబడగానే ఆ లెక్కకు దగ్గరగా ఉన్న మాట పడేస్తుంది. 'తనయుడు' దానికి అలవాటైన మాట. మా ఏటి పేరు దానికెవరు వినిపించారు?

మీరే వినిపించండి అంటారేమో. మన భాషల్ని యంత్రాలకు నేర్పడానికి కేంద్రం 2022లో తెచ్చిన భాషిణి అనే వేదికలో గొంతు ఇవ్వడానికి భాషాదాన్ అని ఒకటుంది. వెళ్లి ఇచ్చాను. తెర మీద ఒక వాక్యం చూపించి చదవమంటుంది. ఆ వాక్యం పుస్తకాల తెలుగు. అందులోకి నా యాస వెళ్తుంది గాని నా మాట వెళ్లదు. 'వెళ్తున్నాను' అని ఉన్నచోట 'ఎల్తన్నాను' అని చదివితే సరిచూసేవాళ్లు కొట్టేయక తప్పదు.

ఇంతకీ ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? జనం మాట్లాడే తెలుగునే రాతలోకీ తేవాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారిది. ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చారు. కొండలెక్కి, వాళ్ల మధ్య కూర్చుని విని విని సవర వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. ఆ తిరుగుళ్లలో మలేరియా వస్తే క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్నారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఉండబట్టలేక రాజమండ్రి వెళ్లిపోయారు. వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయినవాళ్ల మునిమనవరాలి తెలుగుకు ఆయన పుట్టినరోజు పోటీలో 46 మార్కులు.

యంత్రమైతే మొహం చూసి మార్కులు వెయ్యదని మా షాపుకొచ్చే మాస్టారొకాయన వాదన. నిజమే. బిట్ పేపరు దిద్దుకోనివ్వండి, అక్కడ సరైన జవాబు ఒకటే ఉంటుంది. మాస్టారు తప్పు వేస్తే మాత్రం ఇంటికెళ్లి అడగొచ్చు. కిందటేడు నేను సంస్థకు మెయిలు పెడితే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని అర నిమిషంలో జవాబొచ్చింది. అదీ యంత్రం పంపిందే.

పిల్లల రికార్డింగులు ఎలాగూ దాస్తారు. యాభైకి తక్కువ వచ్చినవైనా ఒక మనిషి వినాలి. ఆ మనిషి శ్రీకాకుళం వైపువాళ్లయితే మరీ మంచిది. సరిహద్దు దాటితే మాకు పాతపట్నమే, మాట ఒకటే. యంత్రం ఏం విన్నదో ఆ అక్షరాల కాపీ కూడా మార్కులతో పాటు తల్లిదండ్రులకు పంపాలి.

ఆదివారాలు మధ్యాహ్నం నుంచి నా షాపు ఖాళీ. కంప్యూటరు, మైకు ఉన్నాయి, పోటీకి ఊరికే వాడుకోండి. వినడానికి మనిషిని మాత్రం మీరే పంపాలి.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక తండ్రి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా